కట్నం అడగని మగవాడి కథ

ప్రేమ నవలలు చదివి ఆడవాళ్లు పాడైపోయారన్న మాట గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నాను. అభ్యుదయ సాహిత్య సభల్లో వేదికెక్కినవాళ్లు అన్నారు. ఆ సభలకు ఏనాడూ వెళ్లని అత్తగార్లూ అన్నారు. ఏ విషయంలోనూ కలవని వాళ్లంతా ఈ ఒక్క మాట దగ్గర కలుస్తున్నారంటే, దాని వెనక ఉన్నది సాహిత్యం మీద ప్రేమ కాదు. ఆడది పని ఆపి కూర్చుంటే కలిగే కోపం అది. కూర్చుని, తనకేం కావాలో తలుచుకుంటుందేమోనన్న భయం అది. ఆ కోపానికీ ఆ భయానికీ సాహిత్య విమర్శ అని పేరు పెట్టుకుని యాభై ఏళ్లు చెలామణీ చేశారు. ఇక చాలు.

ఈ పాడైపోయినవాళ్లు ఎవరో ముందు చూడండి. పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట చుట్టూ ఉన్న నల్లరేగడి ఊళ్లలోని ఆడవాళ్లు. కార్తీకం వెళ్లేసరికి పత్తి తీత, సంక్రాంతి దాటితే మిరప కోతలు, ఆ తర్వాత కల్లాల్లో కాయ ఆరబోత, తాలుకాయ ఏరడం, తొడిమలు తీయడం. వేళ్లు మండుతాయి, కళ్లు మండుతాయి. ఆ చేత్తో పసిబిడ్డను ఎత్తుకోవడానికి భయపడతారు. ఇంటికొస్తే పొయ్యి, పాడి, పిల్లలు. ఈ పనుల మధ్య ఏ మధ్యాహ్నమో దొరికిన గంటలో వాళ్లు చదివారు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు, తర్వాత స్వాతి. ఊరికి వచ్చే ఒక్క ప్రతి ఆరేడు ఇళ్లు తిరిగేది. సీరియల్ కాగితాలను చిరగకుండా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి బీరువాలో చీరల కింద దాచుకునేవాళ్లు. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపుకు పిల్లవాణ్ణి పంపి నవల తెప్పించుకునేవాళ్లు. చదువు రానివాళ్లు చదివించుకుని విన్నారు. హైస్కూలు పిల్ల అరుగు మీద కూర్చుని పైకి చదువుతుంటే, చుట్టూ తొడిమలు తీసే చేతులు ఆగకుండానే కథ నడిచేది. "ఆగవే అమ్మాయ్, ఆ ముక్క మళ్లీ చదువు" అనేది ఒక పెద్దామె. మళ్లీ చదవమన్నది కౌగిలింత ముక్క కాదు. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను. హీరో వచ్చి, తప్పు నాదేనని ఒప్పుకున్న ముక్క అది.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది అరవైల్లో. దాన్ని వెక్కిరించినవాళ్లందరికీ అందులో కనిపించింది ఒక్క రాజశేఖరం: ఆరడుగుల ఎత్తు, కారు, బంగళా, సిల్కు లాల్చీ. చదివిన ఆడవాళ్లకు కనిపించింది జయంతి. ఇల్లు గడవాలని ఉద్యోగానికి వెళ్లిన పిల్ల. డబ్బున్న యజమాని ఎదురుగా తలవంచుకోని పిల్ల. అతని నడవడి మీద అనుమానం ఉన్నంతసేపూ, మనసు అటు లాగుతున్నా సరే, అవునని అనని పిల్ల. పెళ్లిచూపుల్లో పీట మీద కూర్చుని, ఎదురుగా ఉన్నవాడి ముఖమైనా సరిగ్గా చూడకుండా జీవితాలు తేల్చేసుకున్న ఆడవాళ్లకు ఈ 'అనకపోవడం' ఎంత పెద్ద సంగతో విమర్శకులకు తెలియదు. వాళ్లలో ఎవరినీ పీట మీద కూర్చోబెట్టి ఎవరూ చూడలేదు.

కారు సంగతి కూడా తేల్చుకుందాం. ఈ నవలలన్నీ కారున్న మొగుడి కోసం కలలు కనమని నేర్పాయట. నేనంటాను, ఆ కలలో కారు అసలు విషయమే కాదు. ఆ కథల్లో ఎక్కడా పెద్దగా మాట్లాడని ఒక సంగతి ఉంది, మన జిల్లాల ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి చదివింది దాన్నే. ఆ మగవాడు కట్నం అడగడు. అంత ఆస్తి ఉండి, అంత చదువు ఉండి, ఎదుటి మనిషిని మనిషిగా చూసి ఇష్టపడి, ఆమె ఒప్పుకుంటుందో లేదోనని నిద్రపోకుండా తిరుగుతాడు. ఎకరాల లెక్కన, లక్షల లెక్కన పెళ్లికొడుకుల ధర అరుగుల మీద బాహాటంగా చెప్పుకునే ప్రాంతం ఇది. డాక్టరుకు ఇంత, ఇంజనీరుకు ఇంత, అమెరికా సంబంధమైతే ఇంత. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, 'సెక్రటరీ' కంటే ముందు. ఆ చట్టాన్ని ఏ ఊళ్లో ఎవరు లెక్కచేశారు? పత్తి బాగా పండిన ఏడు ఆ డబ్బు పిల్ల కాలేజీకి వెళ్లలేదు, పిల్ల కట్నానికి వెళ్లింది. పండని ఏడు అప్పు తెచ్చి మరీ కట్నం ఇచ్చారు. అలాంటి నేల మీద, తన వెనక ఎన్ని ఎకరాలు వస్తాయో లెక్కపెట్టకుండా తనను కోరుకునే మగవాడు ఒకడుంటాడని ఒక ఆడపిల్ల ఊహించుకోవడం పలాయనమా? అది ఈ సమాజం మీద మోపిన నేరారోపణ. చట్టం చెయ్యలేని పనిని ఒక చవకబారు సీరియల్ చేసింది: ఇలా కాకుండా కూడా ఉండవచ్చని చెప్పింది.

1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు, అప్పు పెరిగింది. ఆ ఏడూ, ఆ మరుసటేడూ ఈ రెండు జిల్లాల్లోనే రైతులు అదే పురుగుమందు తాగి చచ్చిపోయారు. వాళ్ల భార్యలు మిగిలారు. కౌలు బాకీ, పురుగుమందుల షాపు బాకీ, చేతికందని పిల్లలు. ఆ ఆడవాళ్లలో కొందరు ఆ ఏళ్లలోనూ నవలలు చదివారు. ఇంత కష్టంలో ఆ పిచ్చి రాతలేమిటని వాళ్లను అన్నవాళ్లున్నారు. అన్న మగవాళ్లు అదే కష్టంలో పేకాట మానలేదు, సారా మానలేదు, ఎడ్ల బండలాగుడు పందేలకు చందాలు ఎత్తడం మానలేదు, హీరో సినిమా విడుదలైతే కటౌట్‌కు పాలు పోయడం మానలేదు. మగవాడు అలిసిపోతే అతనికి విశ్రాంతి కావాలి. ఆడది అలిసిపోయి పుస్తకం పట్టుకుంటే సమాజానికి చేటు. ఈ లెక్క ఎవరు రాశారో నాకు చెప్పండి.

శృంగారం చదవడం తెలుగువాడికి కొత్త కాదు. ప్రబంధాలు మన విశ్వవిద్యాలయాల్లో పాఠ్యపుస్తకాలు. నాయిక అంగాంగాన్నీ వర్ణించిన పద్యాలకు పండితులు వ్యాఖ్యానాలు చెబుతుంటే తల ఊపుతూ విన్నాం. ఇబ్బంది ఎక్కడ మొదలైందంటే, ఆ కలం ఆడదాని చేతికి వెళ్లిన చోట. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. అందులో కథ ఏమిటి? అలిగిన రాధ దగ్గరికి కృష్ణుడు వచ్చి బతిమాలుకోవడం. అంతే. దేవుడైనా సరే, మనసు నొప్పించినవాడు వచ్చి కాళ్లు పట్టుకోవాలి. తెలుగులో ఒక స్త్రీ స్త్రీ మనసు వైపు నిలబడి రాసిన గొప్ప ప్రేమకథ అది. వీరేశలింగం పంతులు, వితంతువులకు పెళ్లిళ్లు చేయించిన మహానుభావుడు, 'ఆంధ్ర కవుల చరిత్ర'లో ముద్దుపళనిని నోటికొచ్చినట్టు నిందించాడు. స్త్రీ నోట రాదగని మాటలన్నాడు. ఆడవాళ్లకు చదువు కావాలని పోరాడినవాడే, ఆ చదువుతో వాళ్లేం చదవాలో, ఏం రాయకూడదో కూడా తానే చెప్పదలిచాడు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. మగకవుల రాతల్లో లేని సిగ్గు ఆడకవి రాతల్లోనే ఎందుకు వెతుకుతారని అడిగి, 1910లో పూర్తి పాఠాన్ని అచ్చు వేయించింది. ఆంగ్ల ప్రభుత్వం దాన్ని నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు.

ఆ నిషేధం ఎత్తివేసింది ఎవరో ఒంగోలు కలెక్టరేటు మెట్లెక్కే ప్రతివాడికీ తెలిసి ఉండాలి. టంగుటూరి ప్రకాశం పంతులు, మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నప్పుడు. వినోదరాయునిపాలెంలో పుట్టినవాడు, మన జిల్లాకు పేరైనవాడు. ఆయన పదవిలో ఉన్నది 1946, 47ల్లో ఏడాది లోపే. చేతినిండా పని ఉన్న ఆ రోజుల్లో ఒక ఆడదాని ప్రేమకావ్యం మీది సంకెళ్లు తీయడం ఆయనకు చిన్నపనిగా తోచలేదు. ఆయన విగ్రహానికి ఏటా దండలు వేస్తారు. ఈ సంగతి మాత్రం ఒక్క ఉపన్యాసంలోనూ నేను వినలేదు.

రాధకు కృష్ణుడి దగ్గర ఏం కావలసి వచ్చిందో, మిరప కల్లంలో ఆ పెద్దామెకు సీరియల్ హీరో దగ్గర కావలసింది కూడా అదే. తప్పు ఒప్పుకునే మగవాడు. రెండువందల ఏళ్లు గడిచినా బయట దొరకలేదు కాబట్టి కథలో వెతుక్కుంది.

ఈ వెతుకులాట మన ఒక్కరిదే కాదు. జపాన్‌లో ఆడపిల్లల కోసం బొమ్మల కథల పత్రికలు ఉన్నాయి. షోజో మాంగా అంటారు. పెళ్లయిన, ఉద్యోగాలు చేసే స్త్రీల కోసం వచ్చేవాటిని జోసెయ్ అంటారు. మొదట్లో షోజో మాంగాను చాలావరకు మగవాళ్లే గీసేవారు. డెబ్బైల నాటికి ఒక తరం స్త్రీలు వచ్చి కలం లాక్కున్నారు. ఇక్కడ మన వారపత్రికల్లో సులోచనారాణి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి రాజ్యమేలింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 1972లో రియోకో ఇకెదా 'మార్గరెట్' అనే ఆడపిల్లల పత్రికలో 'వెర్సాయ్ గులాబి' మొదలుపెట్టింది. ఫ్రెంచి విప్లవం నేపథ్యం. మగపిల్లవాడిలా పెరిగిన ఆస్కార్ అనే స్త్రీ రాజరక్షక దళానికి అధికారి. తమ ఇంట్లో పనిచేసే ఆంద్రేను ప్రేమిస్తుంది, చివరకు రాజును వదిలి ప్రజలవైపు నిలబడి బాస్తీలు కోట ముట్టడిలో ప్రాణం వదులుతుంది. అదే పత్రికలో 1992లో యోకో కమియో మొదలుపెట్టిన 'హనా యోరి డాంగో'లో పేదింటి పిల్ల సుకుషి డబ్బున్నవాళ్ల బడిలో చేరుతుంది. బడినంతా వణికించే కోటీశ్వరుడి కొడుకు వేధిస్తే ఎదురు తిరిగి కొడుతుంది. వాడు మనిషిగా మారడానికి ముప్ఫై ఏడు సంపుటాలు పట్టింది. ఇవాళ గుంటూరు, ఒంగోలు హాస్టళ్లలో దుప్పటి కప్పుకుని ఫోన్‌లో ఈ బొమ్మల కథలు చదువుతున్న ఇంజనీరింగ్ పిల్లలకు సుకుషి అర్థమవుతుంది. వాళ్ల అమ్మమ్మకు జయంతి అర్థమైనట్టే.

తేడా ఎక్కడంటే, ఇకెదాకు 2009లో ఫ్రాన్సు దేశం తన లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. ఆడపిల్లల పత్రికలో బొమ్మల కథ గీసినందుకు. క్యోటోలో మాంగా కోసం మ్యూజియం కట్టారు. మన సులోచనారాణి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూసింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటా పేరున్న రచయిత్రి, 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' నవలలతో సినిమావాళ్లకు డబ్బు సంపాదించి పెట్టిన రచయిత్రి. ఆమెకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు, ఇది 'మీనా' కదా అని మొదట పట్టుకున్నది పండితులు కాదు. ఆ నవలను కుట్టి దాచుకున్న ఆడవాళ్లు.

ఈ నవలల మీద నాకూ ఫిర్యాదులున్నాయి, గట్టివే ఉన్నాయి. హీరో చెయ్యి చేసుకుంటే దాన్ని ప్రేమగా చూపిన చోట్లు నాకు ఒళ్లు మండిస్తాయి. నాయిక ఎప్పుడూ తెల్లగా, సన్నగా, చదువుకుని ఉంటుంది. ఆమె కులం పేరు చెప్పకపోయినా ఇంటి పేర్లను బట్టి, వంటింటిని బట్టి తెలిసిపోతుంది. పక్కన కూర్చుని ఆ సీరియల్ వింటూ తొడిమలు తీసిన మాదిగ వాడ ఆడమనిషికి ఆ కథల్లో పనిమనిషి పాత్ర తప్ప దొరకలేదు. ఆమె ప్రేమ, ఆమె అలక, ఆమె కాదనడం ఏ వారపత్రికకూ సీరియల్ కాలేదు. ఇది చిన్న నేరం కాదు. ఇవాళ ఫోన్లలో వచ్చే తెలుగు సీరియళ్లు, ఆడియో కథలు ఇంకా దిగజారిన సందర్భాలున్నాయి. బలవంతపు పెళ్లితో మొదలుపెట్టి, గదిలో పెట్టి తాళం వేసినవాణ్ణే ఆఖరికి దేవుణ్ణి చేస్తారు. మంచి చోట కథ ఆపి, తర్వాత భాగానికి డబ్బు కట్టమంటారు. నేను వీటిని సమర్థించను. కానీ ఈ తప్పులు పట్టుకునే అర్హత చదివినవాళ్లది. అట్ట మీది బొమ్మ చూసి పక్కకు విసిరేసినవాళ్లది కాదు. పైగా ఈ పాఠకురాళ్లు తప్పులు పట్టలేరని ఎవరన్నారు? వితంతు వివాహం, కులం, అహంకారం కలిసి ఒక సంసారాన్ని ఎలా కూల్చాయో రంగనాయకమ్మ 'బలిపీఠం'లో రాస్తే వారం వారం చదివి వాదులాడుకున్నది ఈ ఆడవాళ్లే. గుంటూరులో పుట్టిన ఓల్గా 1987లో 'స్వేచ్ఛ' రాసేనాటికి, నవల చదవడం అలవాటైన ఆడవాళ్లు ఒక తరం సిద్ధంగా ఉన్నారు. ఆ అలవాటు ఎవరు చేశారు? ప్రేమ నవలలు చేశాయి.

కథ ఆడవాళ్లను ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే పక్కనున్న నెల్లూరు జిల్లా చూడండి. దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు వాచకంలో తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన ఒక ఆడదాని కథ చదివారు. అది తమ కథేనన్నారు. సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఊళ్లో లేచిన గొంతు రాష్ట్రమంతా పాకి ప్రభుత్వాలను కదిలించింది. అక్కడ చదివింది పాఠం, ఇక్కడ చదివింది ప్రేమకథ అని విడదీసేవాళ్లకు నా జవాబు ఒకటే. రెండుచోట్లా ఆడది కథలో తనను చూసుకుంది, తనకు జరుగుతున్నది జరగనక్కర్లేదని అనుకుంది.

నిజంగా పాడైపోయినవాళ్లు ఎవరో మాట్లాడదామా? 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద బీటెక్ చదివే ఒక అమ్మాయిని ఒక కుర్రవాడు కత్తితో పొడిచి చంపాడు. తనతో మాట్లాడడం మానేసిందన్న కోపంతో. ఆ కుర్రవాడి చేత 'సెక్రటరీ' ఎవరూ చదివించలేదు. కాదన్న ఆడపిల్ల వెంటపడి, అల్లరిచేసి, భయపెట్టి ఒప్పించేవాణ్ణి హీరోగా చూపే సినిమాలు మాత్రం మన మగపిల్లలంతా చూశారు. వాటికి ఊరంతా తోరణాలు కట్టాం. ఆడపిల్ల జవాబు కోసం వంద పేజీలు ఎదురుచూసే మగవాడి కథనేమో చెత్త అన్నాం, చీరల కింద దాచుకునేట్టు చేశాం. ఈ తలకిందుల లెక్కకు సిగ్గుపడవలసింది పాఠకురాలు కాదు. మన మగపిల్లలకు ఈ నవలలు చదివించి ఉంటే బాగుండేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. కాదంటే కాదనేనని వాళ్లకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బడిలో చెప్పలేదు.

ఇది గ్రంథాలయోద్యమం నడిచిన నేల. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పెట్టారు. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి పునాదిరాయి వేశారు. పాత పత్రికలను ప్రాణంలా కాపాడిన సంస్థ అది. కానీ సీరియళ్లు మోసుకొచ్చిన వారపత్రికలు, అమ్మమ్మలు కుట్టి దాచిన కాగితాల కట్టలు మన ఊళ్లలో తూకానికి పోతున్నాయి. అమ్మమ్మ పోయిన పదిరోజులకే బీరువా ఖాళీచేసి పాత కాగితాలవాడికి వేసేస్తున్నారు. వాటిని అడిగి తెచ్చి దాచే పని ఏ విశ్వవిద్యాలయమైనా మొదలుపెట్టినట్టు నేను వినలేదు. మన శాఖా గ్రంథాలయాలు తెరిచే వేళలు చూడండి. పొద్దున మూడు గంటలసేపు, సాయంత్రం మూడు గంటలసేపు. పొద్దున ఆడవాళ్లు క్యారేజీ కట్టుకుని చేలోకి వెళ్లే వేళ, సాయంత్రం వచ్చి పొయ్యి అంటించే వేళ. లోపల బల్ల చుట్టూ దినపత్రికలు తిరగేస్తూ మగవాళ్లు.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ ఇల్లు ఊడ్చేది, అలికేది, ఆ పన్నుకు కూలి డబ్బు తెచ్చేది ఆడవాళ్లు కూడా. జిల్లా గ్రంథాలయ సంస్థలను నేను అడుగుతున్నాను. ఆ డబ్బుతో సులోచనారాణి నవలలు కొనండి, రంగనాయకమ్మవి కొనండి, ముద్దుపళనిని కొనండి, జపాన్ బొమ్మల కథలు తెలుగు చేయించి కొనండి. ఆదివారం మధ్యాహ్నం తలుపులు తెరవండి. మిరప కోతలు లేని రోజుల్లో వాడలకే పుస్తకాల పెట్టె పంపండి. ఆ వాడ నుంచి ఒక అమ్మాయి తన ప్రేమకథ తానే రాసి తెస్తే, అచ్చుకు డబ్బివ్వండి.